పక్క సీటు బ్రేకు

మా ఇంట్లో బ్రేకు బాగుందో లేదో చెప్పే పరికరం ఒకటుండేది. స్టీలు గిన్నె. గిన్నెలో ఒలిచిన వెల్లుల్లి రెబ్బలు. గిన్నె మా అత్తగారి ఒళ్లో, అత్తగారు కారు వెనక సీట్లో.

మా మామగారు కారు నడపడం నేర్పేవారు. ఉన్నది ఒకటే కారు, దానికి రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, ఇంకోటి పక్క సీట్లో కూర్చునే ఆయన కాలి కింద. రెండు పెడళ్లనూ కలుపుతూ అడుగున ఒక ఇనుప కడ్డీ. వాళ్లు తొక్కాల్సిన చోట తొక్కకపోతే ఆయన తొక్కేవారు. ఆడపిల్లలు నేర్చుకోవడానికి వస్తే వాళ్ల ఇళ్లల్లో నిశ్చింతగా ఉంటారని అత్తగారు వెనక కూర్చోవడం మొదలుపెట్టారట. ఊరికే కూర్చోవడం ఆవిడ ఒంటికి పడదు కనక వెల్లుల్లి తెచ్చుకున్నారు. ఆ తర్వాత మగపిల్లలు వచ్చినా కూర్చున్నారు. ఎవరొచ్చినా వెల్లుల్లి ఒలవక తప్పదు కదా. మా ఊళ్లో సగం లైసెన్సులు ఆ వాసనతో పుట్టినవే.

నా లైసెన్సూ అంతే. డిగ్రీ చివరి ఏడాదిలో వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. నేను బ్రేకు వేస్తే గిన్నెలో ఒక్క రెబ్బ కూడా దొర్లలేదని అత్తగారు ఇంటికి వెళ్లి కొడుక్కి చెప్పారట. పిల్ల నడక చూసి కోడల్ని తెచ్చుకున్నవాళ్ల గురించి విన్నాను. నన్ను మాత్రం ఆగడం చూసి తెచ్చుకున్నారు.

పెళ్లయిన కొత్తలో, నేర్పేవాళ్లకు పెట్టే పరీక్ష కూడా మామగారు నాచేత రాయించారు. ఎందుకండీ అంటే, "పడుంటుందిలే అమ్మాయ్" అన్నారు. అన్నట్టే ఆ పాసైన కాగితం పడుంది, బీరువాలో, నా డిగ్రీ కాగితం పక్కన. ఒకదానికొకటి కాలక్షేపం.

నేను చెప్పబోయే వేసవికి కాస్త ముందు, చలికాలం పోతుండగా, మామగారి కుడికాలు మొద్దుబారడం మొదలైంది. నడుం దగ్గర ఏదో నరం నొక్కుకుందనీ, తగ్గితే తగ్గొచ్చు, లేకపోతే ఇలాగే ఉండిపోవచ్చుననీ డాక్టరు చెప్పాడు. మామగారు మొదటి సగం విన్నారు. మా ఆయన రెండో సగం విన్నారు. అలా ఉండగా ఒకరోజు ఒక కుర్రాడు మలుపులో బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కాడు. మామగారు తన పెడల్ తొక్కారు. కారు ఆగింది, కానీ ఎవరిదో ఇంటి గేటును ముద్దు పెట్టుకుని ఆగింది. గేటుకు ఏమీ కాలేదు. ఆ ఇంటాయన బయటికొచ్చి తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా, "ఒంట్లో బాగుంటోందా మాస్టారూ?" అని అడిగాడు.

ఇంటికొచ్చాక మామగారు బ్రేకు అరిగిందన్నారు. తప్పు కాలిదన్నారు మా ఆయన. మా ఆయన చెడ్డవారు కారు. భయపడినప్పుడు మాత్రం ఆఫీసులో మాట్లాడినట్టు మాట్లాడతారు. ముందు చక్రాల బ్రేకులు మొత్తం కొత్తవి వేద్దామనీ, అప్పటికీ ఇలాగే ఉంటే నేర్పడం మానెయ్యాలనీ షరతు పెట్టారు.

మామగారు కాసేపు తన కాలిని చూసుకుని, "బ్రేకు బాగయ్యాక కూడా బండి నా మాట వినకపోతే నన్ను దింపడానికి నువ్వు రానక్కర్లేదురా. నేనే దిగుతా" అన్నారు.

ఇంట్లో అందరం ఆ మాట విన్నాం. ఎవరమూ మళ్లీ ఎత్తలేదు. ఆ వేసవంతా అది హాల్లో ఒక కుర్చీలాగా ఉండిపోయింది. అందరం దాన్ని తప్పుకుంటూ నడిచాం.

కొత్త సామాను వచ్చింది. అందులో ముఖ్యమైనవి రెండు కాలిపర్లు. చక్రంతో పాటు తిరిగే పళ్లేన్ని రెండు వైపుల నుంచీ పిడికిలిలా పట్టి ఆపే ఇనుప ముక్కలు అవి. ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి, వేరు వేరు పెట్టెల్లో వచ్చాయి. ఇక్కడ మా అత్తగారి పద్ధతి ఒకటి చెప్పాలి. బజారు నుంచి వచ్చిన ఏ వస్తువూ శుభ్రం కాకుండా ఆవిడ గడప దాటదు. కూరలు సరే, కొత్త తాళంకప్ప కూడా సబ్బు నురగ చూశాకే తలుపెక్కుతుంది. కాలిపర్లు జిడ్డుగా ఉన్నాయని వాటినీ కడిగి, తుడిచి, వసారాలో ఆరబెట్టి, మళ్లీ పెట్టెల్లో సర్దారు. లోపలికి నీళ్లు పోకుండా రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలు బిగించి ఉన్నాయి కనక బతికిపోయాం.

ఆదివారం మా ఆయన పాత లుంగీ కట్టుకుని వాకిట్లో దిగారు. వీడియోలు చూసి వచ్చారు. మామగారిని వంగనివ్వలేదు, స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆయన స్టూలు మీంచి చెప్పడం, ఈయన కింద పడుకుని బిగించడం. నిజం చెప్పాలంటే మా ఆయన శ్రద్ధగానే చేశారు. ప్రతి బోల్టునూ బిగించి, మళ్లీ ఒకసారి చూసుకున్నారు.

చివరికి గొట్టాల్లోంచి గాలి తీసే ఘట్టం వచ్చింది. బ్రేక్ ఆయిల్ ఉన్నచోట గాలి దూరితే పెడల్ మెత్తబడుతుంది, ఎందుకంటే ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. అందుకని ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర కాలిపర్ మీదుండే చిన్న నిపిల్‌ను వదులు చేయాలి. దానికి తగిలించిన సన్న గొట్టంలోంచి గాలి బుడగలుగా బయటికొస్తుంది. మళ్లీ బిగించాక పెడల్ వదలాలి. మామగారు సీట్లోకి ఎక్కారు.

"తొక్కు."

"తొక్కా."

"పట్టుకో."

"పట్టుకున్నా."

"వదులు."

తండ్రీ కొడుకులు అంతసేపు మాట్లాడుకోవడం ఆ ఏడాదిలో అదే మొదలు. నేను డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ పక్కన నిలబడ్డాను. "ఈ కొత్తవి చేసినవాడెవడో తెలివైనవాడు, నిపిల్ చేతికందేలా కిందే పెట్టాడు" అని మా ఆయన నాతో అన్నారు. నిజమే కాబోలనుకున్నాను. వాహనాల కంపెనీలు మనుషుల నడుం గురించి ఆలోచిస్తున్నాయంటే సంతోషమే కదా.

బుడగలు ఆగిపోయాయి. గొట్టంలో ఆయిల్ తేనెలా నిలకడగా దిగింది. మామగారు పెడల్ తొక్కి చూసి, తల అడ్డంగా ఊపారు. మా ఆయన తొక్కారు. నేనూ తొక్కాను. తడిసిన దిండు మీద కాలేసినట్టుంది. దిగుతుంది, దిగుతుంది, ఎక్కడో ఆలస్యంగా నేల తగులుతుంది.

మా ఆయన కారును వీధి చివరి దాకా తీసుకెళ్లి తెచ్చారు. అత్తగారు అలవాటుగా వెనక ఎక్కారు. ఆగమన్నచోట కారు ఆగింది కూడా. కొత్త వస్తువు నాలుగు రోజులు అలాగే ఉంటుంది, మెత్తగా ఉంటే ఇంకాస్త లోపలికి తొక్కాలి, బాగున్న కాలైతే తొక్కగలదు అని మా ఆయన వాదన.

"ఆగింది కదా నాన్నా."

"ఆగడం వేరు, ఆపడం వేరు. ఇది బాగైన బ్రేకు కాదు" అన్నారు మామగారు.

అత్తగారు గిన్నెతో కిందికి దిగుతూ, "ఆగేముందు ఆలోచిస్తోందిరా" అన్నారు.

"అమ్మా, అది కారు."

"అదే అంటున్నా. కారు ఆలోచించకూడదుగా."

మేం ముగ్గురం ఒక పార్టీ అని మా ఆయన తేల్చేశారు. బ్రేకులు కొత్తవి వేశాం కనక షరతు ప్రకారం ఇక మానెయ్యాలన్నారు. బ్రేకు ఇంకా బాగవలేదు కనక షరతు ఇంకా మొదలే కాలేదన్నారు మామగారు. ఎవరి లెక్క వారికి సరిపోయింది.

కాలేజీలు మూసేసి, ఎండలు ముదిరి, నేర్చుకునేవాళ్లు గేటు దాకా వచ్చే రోజులవి. వచ్చిన ప్రతి ఒక్కరికీ మామగారు, "బండికి ఒంట్లో బాగోలేదు, కాస్త ఆగండి" అని చెప్పి పంపేవారు. మెయిన్ రోడ్డులో ఇంకో డ్రైవింగ్ స్కూలుంది. ఏసీ కార్లు, మెడలో బ్యాడ్జీ వేసుకున్న మనుషులు. చాలామంది అటే పోయారు. ఒక నర్సు మాత్రం అటు వెళ్లి కూడా తిరిగొచ్చేసింది. ఆమెకు ఊరి అవతల ఆసుపత్రిలో ఉద్యోగమొచ్చింది, డ్యూటీ వేళలకు బస్సులు లేవు. పైగా బ్రేకు వేసేటప్పుడు కళ్లు మూసుకునే అలవాటు ఒకటి. ఆ బ్యాడ్జీలవాళ్లు నవ్వారట. రోజూ సాయంత్రం వచ్చి, మా వాకిట్లో నిలబెట్టిన కారులోనే కూర్చుని గేర్లు మార్చుకుని వెళ్లేది. అత్తగారు వెనక కూర్చునేవారు, కారు కదలకపోయినా.

మా ఆయన ఆఫీసుకు వెళ్లాక మామగారు స్టూలు, నేను పాత చాప తీసుకుని వాకిట్లోకి చేరేవాళ్లం. ఆయన వంగలేరు కనక ఆయన కళ్లూ చేతులూ నేనే. ముందు ఎక్కడ తప్పు లేదో చూద్దామన్నారు. నాలుగు చక్రాల కిందా, ఇంజను కిందా పాత పేపర్లు పరిపించారు. మర్నాడు తీసి చూస్తే ఒక్క మరక లేదు. డబ్బాలో ఆయిల్ గీత దిగలేదు. కారడం లేదన్నమాట. తర్వాత నాచేత పెడల్‌ను టకటకా తొక్కించారు. వెంటవెంటనే తొక్కితే పైకి లేచి గట్టిపడుతోంది, కాసేపు వదిలేస్తే మళ్లీ మెత్తబడుతోంది. "ఎక్కడో గాలుంది" అన్నారు. దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరగా ఉన్నదాని దాకా మళ్లీ గాలి తీశాం. ఒక్క బుడగ రాలేదు. పెడల్ మెత్తగానే ఉంది.

నాకైతే అక్కడ కోపమొచ్చేసింది. ఆయనకు రాలేదు. ఆ రోజుల్లో నేను ఆయన్ని చూసి ఆశ్చర్యపోయింది అందుకే. ఆ కారు ఏమని తేలుస్తుందో దాని మీద ఆయన బతుకంతా ఆధారపడి ఉంది. అయినా దాన్ని తొందరపెట్టలేదు, తనకు కావలసిన జవాబు దాని నోట్లో పెట్టలేదు. అనుమానించడం కూడా ఇంత వరసగా, ఇంత మర్యాదగా చేయొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. మా ఇంట్లో అనుమానాలన్నీ ఒకేసారి, పెద్ద గొంతుతో వచ్చేవి.

ఇంకోరోజు ముందు చక్రాలకు వెళ్లే రబ్బరు గొట్టాలకు గుడ్డ చుట్టి, మెల్లగా క్లాంపులు బిగించమన్నారు. ఆయిల్ అక్కడి నుంచి ముందుకు పోదు. అప్పుడు పెడల్ తొక్కితే రాయి మీద కాలేసినట్టుంది. క్లాంపులు తీస్తే మళ్లీ దిండు. మామగారు స్టూలు మీద వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

"అంటే పైనంతా బాగుంది. గాలి ముందు చక్రాల దగ్గరే ఉంది. ఉండి కూడా బయటికి రావట్లేదు."

"రమ్మని చాలాసార్లు చెప్పాం కదండీ."

ఆయన నవ్వలేదు. కాసేపటికి కళ్లు తెరిచి, "అమ్మాయ్, నిపిల్ ఎటువైపుంది?" అన్నారు.

"కిందే ఉంది మామయ్యగారూ. చేతికందేలా."

"ఏ చక్రానికి?"

"రెండింటికీ."

ఆయన స్టూలు మీంచి లేవబోయి, కాలు సహకరించక మళ్లీ కూర్చున్నారు. "గాలి పైకి పోతుందా, కిందికి పోతుందా?"

నేను డిగ్రీ చదివినదాన్ని కనక ధైర్యంగా పైకే అన్నాను.

"మరి గది పైకప్పు కింద గాలిని కూర్చోబెట్టి, తలుపు నేల దగ్గర పెట్టి, పో పొమ్మంటే ఎలా పోతుంది పాపం?"

అప్పుడు అర్థమైంది. నిపిల్ పైన ఉండాలి. ఎడమ కాలిపర్ కుడి చక్రానికీ, కుడిది ఎడమ చక్రానికీ ఎక్కింది. బోల్టులు రెండు వైపులా ఒక్కలాగే పట్టేస్తాయి, తిరగబడేది నిపిల్ ఒక్కటే. మా ఆయన పెట్టెల మీద ఎడమ, కుడి అన్న అక్షరాలు చూసే బిగించారు. పెట్టెల మీది అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. ఇద్దరం మెల్లగా తల తిప్పి గుమ్మం వైపు చూశాం. అత్తగారు అక్కడ నిలబడి ఉన్నారు.

"ఎవరి పెట్టెలో వాళ్లనే పెట్టా" అన్నారు, మేం అడక్కముందే.

"ఎవరు ఎవరో ఎలా తెలిసింది?" అన్నారు మామగారు.

"తెలియడానికేముంది, రెండూ ఒక్కలాగే ఉన్నాయిగా." అని, ఆ మాట తనకే వినపడి ఆవిడ ఆగిపోయారు. "అయినా కడక్కుండా ఎలా వాడతారు, దేన్నైనా?"

"అందుకే లోపలి గాలి అంత శుభ్రంగా ఉంది" అన్నారు మామగారు, కళ్లు తుడుచుకుంటూ. అప్పుడు నవ్వారు. ఆ వేసవిలో అదే మొదటిసారి.

మా ఆయన వచ్చేదాకా ఆగలేదు. చక్రాలు విప్పడం మామగారు నాకు పెళ్లికి ముందే నేర్పారు. కారును స్టాండ్ల మీద నిలిపి, కాలిపర్లను అటుదిటు, ఇటుదటు మార్చాను. ఇక గాలి తీయాలి. నేను చక్రం దగ్గరుంటాను, మరి పెడల్ ఎవరు తొక్కాలి? ఆయనే తొక్కుతారనుకున్నాను. ఆయన మాత్రం అత్తగారికి సైగ చేశారు.

"నువ్వెక్కు. ఈ కేసులో నా కాలు సాక్ష్యానికి పనికిరాదు."

అన్నేళ్లలో అత్తగారు ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు. చీర కుచ్చెళ్లు సర్దుకుని, చేతిలో గిన్నెను పక్క సీట్లో పెట్టుకుని, స్టీరింగును రెండు చేతులా ఇంటి యజమానిలా పట్టుకున్నారు. ఎవరూ ఒక్క ముక్క చెప్పనక్కర్లేకపోయింది. నేను నిపిల్ వదులు చేయగానే గొట్టంలో గుడగుడమంటూ బుడగలు తోసుకుంటూ వచ్చాయి, సినిమా హాలు తలుపులు తీసినట్టు. రెండో చక్రం కూడా అయ్యాక ఆవిడ చివరిసారి తొక్కి, కాసేపు అలాగే పట్టుకున్నారు.

"రాయండీ" అన్నారు లోపల్నుంచి. "రాయిలా ఉంది."

సాయంత్రం మా ఆయన వచ్చి, చెప్పిందంతా విని, బ్యాగు కూడా దించకుండా కారెక్కి పెడల్ తొక్కి చూశారు. చాలాసేపు దిగలేదు. దిగి, తండ్రి దగ్గరికెళ్లి నిలబడి, "బ్రేకే, నాన్నా" అన్నారు.

నేనైతే ఆ అవకాశాన్ని పది రోజులు వాడుకునేదాన్ని. మామగారు, "నువ్వు బిగించిన బోల్టు ఒక్కటి కూడా వదులు కాలేదురా" అని మాత్రం అన్నారు. రేపట్నుంచి నర్సును బయటికి తీసుకెళ్లొచ్చని మా ఆయనే అన్నారు. మామగారు గెలిచారు. ఇంట్లో అందరికీ గాలి తీసినట్టు తేలికైంది.

మర్నాడు పొద్దున్నే మామగారు నన్ను కారు తీయమన్నారు. మూతబడిన మిల్లు గోడ వెంట ఖాళీ రోడ్డొకటి ఉంది, ఆయన అందరికీ మొదటి పాఠం చెప్పేది అక్కడే. నన్ను దిగి సుద్దతో రోడ్డుకు అడ్డంగా గీత గీయమన్నారు. అత్తగారు వెనక సీట్లో ఒలుస్తున్నారు.

"నువ్వు బ్రేకు ముట్టుకోకు. నేను ఆపుతా" అన్నారు.

నేను నడిపాను. ఆయన తొక్కారు. కారు గీత దాటి ఆగింది. వెనక్కి తీసుకెళ్లి మళ్లీ నడిపాను. మళ్లీ గీత దాటింది. తొక్కుతున్నప్పుడు ఆయన రెండు చేతులూ మోకాలి మీదకు వెళ్లి దాన్ని కిందికి నొక్కడం ఓరకంట చూశాను. ఈసారి నన్ను ఆపమన్నారు. నేను మామూలుగా ఆపాను. కారు గీత మీద ఆగింది.

"కొత్తది కదండీ, కాస్త అలవాటు పడాలేమో" అన్నాను, మా ఆయన మాటలే అరువు తెచ్చుకుని.

ఆయన గీత వైపు చూస్తూ ఉన్నారు. ముఖంలో బాధ కంటే, లెక్క తేలిన మనిషి నెమ్మది ఎక్కువ ఉంది. "బ్రేకు చాలా బాగుంది అమ్మాయ్. అది బాగోనన్నాళ్లూ కాలి సంగతి ఎలా తెలుస్తుంది? అందుకే ముందు దాన్ని బాగుచేశాం."

వెనక సీట్లో పొట్టు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కారు ఎలా ఉందని మా ఆయన అడిగారు. బ్రహ్మాండంగా ఉందన్నారు మామగారు.

మర్నాడు సాయంత్రం నర్సు వచ్చింది. ఎక్కి సీటు ముందుకు జరుపుకుంది. నేను వాకిట్లో ఆరేసిన బట్టలు తీస్తున్నాను. మామగారు ఎప్పటిలా కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు చూసి, వెనక తలుపు తీశారు. అత్తగారు జరిగి చోటిచ్చారు. ఆయన కూర్చుని, కాలు లోపలికి పెట్టుకుని, నా వైపు చూశారు.

"రా అమ్మాయ్. ఈవిడ కళ్లు మూసుకుంటే నువ్వు తెరిచి ఉంచు."

బట్టలు తీగ మీదే వదిలేసి పక్క సీట్లో కూర్చున్నాను. కాలి కింద పెడల్ చల్లగా, గట్టిగా తగిలింది. ఎన్నో ఏళ్లు ఆయన చెప్పు రాసుకుని ఒక మూల నునుపుదేలి ఉంది. బీరువాలో పడున్న కాగితం గుర్తొచ్చింది. పడుంటుందిలే అన్న మనిషి వెనక కూర్చుని, భార్య చేతిలోంచి ఒక వెల్లుల్లి గడ్డ తీసుకుంటున్నారు.

మొదటి మలుపులో ఒక సైకిలు అడ్డమొచ్చింది. నర్సు కళ్లు మూసుకుంది. నేను తొక్కాను. కారు ఆగింది. వెనకనుంచి ఎవరూ మాట్లాడలేదు. ఆ కాసేపట్లో నేను డిగ్రీ పరీక్షలన్నీ మళ్లీ రాశాను.

"ఏమైనా కదిలిందా?" అని అత్తగారు అడగడం వినపడింది. గిన్నె ఇప్పుడు ఆయన ఒళ్లో ఉందన్నమాట.

"ఒక రెబ్బ దొర్లింది" అన్నారు మామగారు. "అది నేను ఒలిచినది. దానికే నిలకడ లేదు."

తిరిగొచ్చేసరికి మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గేటు దగ్గరున్నారు. పక్క సీట్లో నన్ను చూసి నోరు తెరిచారు. వెనక సీటు వైపు చూసి మూసుకున్నారు. వచ్చి, వెనక తలుపు తీసి చెయ్యి అందించారు. మామగారు ఆ చేతిలో గిన్నె పెట్టి, తలుపు పట్టుకుని తనే దిగారు.

నర్సు ఇప్పుడు తన కారులోనే డ్యూటీకి వెళ్తుంది, కళ్లు తెరుచుకునే. నేర్చుకునేవాళ్లు వస్తూనే ఉన్నారు. ఒక్కటే తేడా. ఆ వేసవి నుంచి మా ఇంటి వెల్లుల్లికి అక్కడక్కడా పొట్టు అలాగే ఉంటోంది. మామగారు ఒలిచినవి. అత్తగారు వాటిని ఏరి, ఆయన అటు తిరిగినప్పుడు, చప్పుడు కాకుండా మళ్లీ ఒలుస్తారు.